27 ఏళ్లకే ఆగిపోయిన సైంటిస్టు

టెన్త్‌లో ఆవర్తన పట్టిక బట్టీ పట్టిన రోజులు గుర్తున్నాయా? హైడ్రోజన్ 1, హీలియం 2, లిథియం 3... ఆ నంబర్లు ఉత్త సీరియల్ నంబర్లు కావు, పరమాణు కేంద్రకంలోని విద్యుదావేశానికి గుర్తులు. ఈ సంగతిని ప్రయోగంతో తేల్చింది హెన్రీ మోస్లే. అప్పటికి అతని వయసు 26. మనలో చాలామంది రెండో ఉద్యోగం కోసం రెజ్యూమె దిద్దుకునే వయసు!

1887లో ఇంగ్లండ్‌లోని వేమత్‌లో పుట్టాడు. నాలుగేళ్లు నిండకముందే తండ్రి పోయాడు. 1910లో ఆక్స్‌ఫర్డ్‌లో డిగ్రీ పూర్తి చేసి, మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ ల్యాబ్‌లో చేరాడు.

అప్పట్లో మూలకాలను పరమాణు భారం ప్రకారం పేర్చేవారు. కానీ ఒక చిక్కు. కోబాల్ట్ కంటే నికెల్ కాస్త తేలిక, గుణాలు చూస్తేనేమో కోబాల్టే ముందుండాలి. మోస్లే ఒక్కో మూలకాన్నీ ఎలక్ట్రాన్లతో తాకించి, వెలువడే ఎక్స్-కిరణాల పౌనఃపున్యాన్ని కొలిచాడు. దాని వర్గమూలం మూలకం మారినప్పుడల్లా సమానంగా ఒక్కో మెట్టు ఎక్కుతోంది. కోబాల్ట్ 27, నికెల్ 28. చిక్కు వీడిపోయింది. 43, 61, 75 దగ్గర మాత్రం మెట్లు ఖాళీగా కనిపించాయి. అక్కడ ఇంకా దొరకని మూలకాలు ఉండాలని చెప్పేశాడు.

1914లో సైన్స్ సభల కోసం ఆస్ట్రేలియా వెళ్లినప్పుడే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. బ్రిటన్‌లో అప్పటికింకా నిర్బంధ సైనిక సేవ లేదు. వెళ్లొద్దని ఇంట్లోవాళ్లు బతిమాలారు. అయినా వెనక్కి వచ్చి రాయల్ ఇంజనీర్స్‌లో సెకండ్ లెఫ్టినెంట్‌గా చేరాడు. డ్యూటీ ఏంటంటే, బ్రిగేడ్‌కి టెలిఫోన్ లైన్లు, సందేశాలు చూసుకునే సిగ్నల్స్ ఆఫీసర్. 1915లో టర్కీలోని గాలిపోలికి పంపారు. ఆగస్టు 10న చునుక్ బైర్ కొండ దగ్గర ఫోన్‌లో ఆదేశాలు అందిస్తుండగా శత్రువు తూటా తగిలి చనిపోయాడు. తన ఆస్తిని సైన్స్ పరిశోధన కోసం రాయల్ సొసైటీకి రాసిచ్చాడు.

ఇలాంటి మేధావిని ముందు వరసకి పంపడం దేశానికి ఎంత నష్టమో రూథర్‌ఫర్డ్ బాధతో రాశాడు. మరి మోస్లే చేసింది తప్పా? నాకూ 27 దాటింది, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా. తోటివాళ్లు యుద్ధానికి వెళ్తుంటే తాను ల్యాబ్‌లో ఉండలేకపోయాడు. ఆ మనసుని తప్పు పట్టలేం. కానీ ఫోన్ పట్టుకోవడానికి ఇంకో ఆఫీసర్ దొరికేవాడు, ఆ పట్టిక ముందు కూర్చోవడానికి ఇంకో మోస్లే దొరకలేదు.

అతను చూపించిన ఖాళీలు ఒక్కొక్కటే నిండాయి. 75 రీనియం, 1925లో. 43 టెక్నీషియం, 1937లో. 61 ప్రొమీథియం, 1945లో. బతికుంటే అప్పటికి మోస్లేకి 57 ఏళ్లు. రిటైర్మెంట్‌కి కూడా ఇంకా టైముండేది.