జలకన్య అనెట్ కెల్లర్‌మన్

సంగీతమునకు లయ కలుపుచు స్త్రీలు నీటిలో చేయు నర్తనము సింక్రనైజ్డ్ స్విమ్మింగ్ అను పేర 1984లో ఒలింపిక్ క్రీడలయందు స్థానము పొందెను. ఆ విద్యకు మార్గదర్శినిగా పెక్కురు పేర్కొను అనెట్ కెల్లర్‌మన్ అప్పటికి తొమ్మిదేండ్ల క్రిందటనే కన్నుమూసెను. ఆమె మొట్టమొదట ఈతకు దిగినది బహుమతుల కొఱకు గాదు. నేలపై సరిగా నడువగలుగుటకు.

1886 జూలై 6వ తేదీన ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఆమె జన్మించెను. తండ్రి వయొలిన్ వాయించెడివాడు. తల్లి ఫ్రెంచి వనిత, పియానో విదుషి. అట్టి యింట పుట్టిన బిడ్డకు కాళ్లలో సత్తువ లేకపోయెను. ఉక్కు కట్లు బిగించుకొని బాధతో అడుగు వేయవలసివచ్చెడిది. కాళ్లకు బలము కలుగునని కావిల్ వారి ఈతకొలనులో ఆమెను దింపిరి. పదుమూడేండ్లు వచ్చునప్పటికి కాళ్లు చక్కబడెను. 1902లో న్యూ సౌత్ వేల్స్ స్త్రీల పోటీలయందు నూరు గజములను 1 నిమిషము 22 సెకనులలోను, మైలు దూరమును 33 నిమిషముల 49 సెకనులలోను ఈది ఆమె ఛాంపియన్ అయ్యెను.

పిమ్మట మెల్బోర్న్ నగరమున గాజుతొట్టిలో చేపల నడుమ ఈదుచు దినమునకు రెండు ప్రదర్శనములిచ్చెను. 1905లో తండ్రితో ఇంగ్లండునకు వెడలి, థేమ్స్ నదిలో పట్నీ నుండి బ్లాక్‌వాల్ వఱకు ఈదెను. ఇంగ్లీషు ఛానెల్‌ను దాటుటకు ముమ్మారు యత్నించి, మూడుసార్లును మధ్యలోనే విరమింపవలసివచ్చెను. పురుషులు దిగంబరులై ఈదవచ్చును. ఈమెకు మాత్రము వస్త్రము తప్పదు. అది ఒరసికొని చంకలు పుండ్లుపడెను. ఓర్పు తనకున్నదిగాని దేహబలము చాలలేదని ఆమె దాపఱికము లేకుండ ఒప్పుకొనెను. ఆ జలసంధిని తొలిసారి దాటిన స్త్రీ 1926లో అమెరికా యువతి గెర్ట్రూడ్ ఎడెర్లీ.

ఆ కాలపు స్త్రీలు పావడాలు, మేజోళ్లతో సముద్రస్నానము చేసెడివారు. తడిసిన ఆ బరువుతో ఈత ఎట్లు సాగును? లండనులో రాజకుటుంబము ఎదుట కాళ్లు కనబడరాదనగా, అనెట్ బాలుర ఈతదుస్తునకు నల్లని మేజోళ్లు జోడించి కుట్టుకొనెను. ఆమె పేర ప్రసిద్ధికెక్కిన ఒంటిముక్క ఈతదుస్తు అట్లు రూపొందినది. 1907లో బోస్టన్ సమీపమున రివీర్ సముద్రతీరమున ఇట్టి దుస్తు ధరించినందుకు పోలీసులు ఆమెను నిర్బంధించిరని లోకము చెప్పుకొనును. ఆనాటి పత్రికలలో పరిశోధకులకు దీనికి ఆధారము లభింపలేదు. ఆ దుస్తు వ్యాపించుటకు ఈ కథ అవసరమని మాకు తోచదు. ఈదదలచిన ప్రతి స్త్రీకిని దాని ప్రయోజనము తెలిసియేయుండును.

ఆమె అమెరికాకు వెళ్లినది ప్రదర్శనముల కొఱకే. న్యూయార్కు హిప్పోడ్రోమ్ నాటకశాలలో గాజుతొట్టియందు ఆమె ప్రదర్శించిన జలనృత్యమునే ఈ కళకు ఆరంభముగా పలువురు భావింతురు. హార్వర్డు విశ్వవిద్యాలయపు డాక్టర్ సార్జెంట్ పెక్కుమంది స్త్రీల కొలతలను పోల్చి, ఈమె దేహమును సర్వాంగసుందరమని నిర్ణయించెను. ఒకప్పుడు ఉక్కు కట్లు తొడిగిన కాళ్లు అవియే!

మూకీ చిత్రములలోను ఆమె జలకన్యగా వెలిగెను. 1914 నాటి చిత్రము తీయుచుండగా బెర్ముడాలో గాజుతొట్టి పగిలి ఆమెయు, దర్శకుడు హెర్బర్ట్ బ్రెనన్‌యు గాయపడిరి. 1916 నాటి ‘ఎ డాటర్ ఆఫ్ ది గాడ్స్’ ప్రతులు నేడు లభించుట లేదు. 1952లో ఎస్తర్ విలియమ్స్ కథానాయికగా ఆమె జీవితమే హాలీవుడ్ చిత్రమయ్యెను.

వృద్ధాప్యమున భర్త జేమ్స్ సలివన్‌తో స్వదేశము చేరి, అచ్చటను ఈత మానలేదు. 1975 నవంబరులో ఆమె మరణించగా, చితాభస్మమును గ్రేట్ బారియర్ రీఫ్ వద్ద సముద్రమున కలిపిరి.