గిడుగు వెంకట రామమూర్తి

గిడుగు వెంకట రామమూర్తి (1863 ఆగష్టు 29 - 1940 జనవరి 22) తెలుగు భాషావేత్త, ఉపాధ్యాయుడు, చరిత్రకారుడు, వ్యావహారిక భాషోద్యమానికి నాయకుడు. గిడుగు రామ్మూర్తి పంతులుగా ప్రసిద్ధుడు. గ్రాంథిక భాషలో మాత్రమే సాగుతున్న తెలుగు చదువును వాడుక భాషలోకి తేవడానికి మూడు దశాబ్దాలకు పైగా పోరాడాడు. అంతకుముందే, కొండ ప్రాంతాల్లో నివసించే సవరల భాషను నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపాడు. బిడ్డకు తెలిసిన భాషలోనే చదువు మొదలుకావాలన్నది ఈ రెండు కృషులకూ మూలసూత్రం. ఆయన పుట్టినరోజైన ఆగష్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటారు.

బాల్యం, విశాఖపట్నంలో చదువు

రామమూర్తి శ్రీముఖలింగం సమీపంలో, వంశధార నది ఒడ్డున ఉన్న పర్వతాలపేట గ్రామంలో జన్మించాడు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. అప్పట్లో ఆ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాకు చెందిన పర్లాకిమిడి జమీందారీలో ఉండేది. ఇప్పుడది శ్రీకాకుళం జిల్లాలో ఉంది. వీర్రాజు జమీందారీ రెవెన్యూ ఉద్యోగి. ఆయన చోడవరానికి బదిలీ అయి, అక్కడే 1875లో విషజ్వరంతో మరణించాడు.

తండ్రి మరణం తరువాత రామమూర్తి విశాఖపట్నంలోని మేనమామ ఇంట ఉండి అక్కడి ఉన్నత పాఠశాలలో చదువుకున్నాడు. నేటి నౌకాశ్రయం 1933లో ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారం ఆ తరువాతి తరాల మాట. రామమూర్తి చదువుకునే నాటికి విశాఖపట్నం జిల్లా కేంద్రంగా, ఆంగ్ల విద్య దొరికే పట్టణంగా మాత్రమే ఉండేది. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యాడు. ఆ ఏడే వివాహం జరిగింది. తల్లి, ఇద్దరు చెల్లెళ్ళ పోషణ భారం మీద పడడంతో పైచదువుకు వెళ్ళలేకపోయాడు.

పర్లాకిమిడిలో ఉద్యోగం

1880లో నెలకు 30 రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర బోధించే ఉపాధ్యాయుడిగా చేరాడు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పూర్తి చేశాడు. రాజావారి ఉన్నత పాఠశాల కళాశాల అయ్యాక అక్కడి తరగతులకు కూడా పాఠాలు చెప్పాడు. శ్రీముఖలింగం దేవాలయాల్లోని శాసనాల లిపిని స్వయంగా నేర్చుకొని, వాటి ఆధారంగా కళింగ చరిత్రపై వ్యాసాలు రాశాడు. 1911లో ఉద్యోగం నుండి స్వచ్ఛందంగా విరమించుకున్నాడు.

సవర భాషాధ్యయనం

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లోను, అప్పటి విశాఖపట్నం జిల్లాలో భాగమైన గుణుపురం ప్రాంతంలోను సవరలు నివసిస్తారు. వీరి భాష ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబంలోని ముండా శాఖకు చెందినది. సంతాలీ, ముండారీ భాషలు దీనికి బంధువులు. ద్రావిడ భాష అయిన తెలుగుతోగాని, ఆర్య భాష అయిన ఒడియాతోగాని దీనికి చుట్టరికం లేదు. కనుక తెలుగు వాచకం చేతికిచ్చి బడిలో కూర్చోబెట్టిన సవర బాలునికి అక్షరం, భాష రెండూ ఒకేసారి కొత్తవయ్యేవి. పైగా కొండ దిగి వచ్చిన సవరలు సంతల్లో, కచేరీల్లో ఇతరుల భాష తెలియక దుబాసీల మీద ఆధారపడవలసి వచ్చేది.

1890లలో రామమూర్తి ఈ భాష నేర్చుకోవడానికి పూనుకున్నాడు. సవర, తెలుగు రెండూ వచ్చిన ఒక వ్యవహర్తను ఇంట్లోనే ఉంచుకొని మాటలు, వాక్యాలు సేకరించాడు. అప్పటికి సవరకు సొంత లిపి లేదు. కరపత్రాలు, నిఘంటువులు ఏవీ చేతికి అందే స్థితి లేదు. భాషాశాస్త్రంలో అప్పుడప్పుడే వెలువడుతున్న గ్రంథాలను చదివి వ్యాకరణ నిర్మాణ పద్ధతిని ఆయన స్వయంగా అలవరచుకున్నాడు. మన్యంలో తిరిగి మలేరియా బారిన పడి, దానికి వాడిన క్వినైన్ మందు వల్ల వినికిడి దెబ్బతిన్నదని ఆయన జీవితచరిత్రకారులు చెబుతారు. చెవితో విని ధ్వనులను గుర్తించవలసిన పరిశోధకునికి ఇది పెద్ద నష్టం. అయినా ఆయన ఈ పని విడిచిపెట్టలేదు.

సుమారు ముప్ఫై ఐదేళ్ళ కృషి ఫలితంగా 1931లో ఆంగ్లంలో సవర భాషా వ్యాకరణం వెలువడింది. 1930లలోనే సవర నిఘంటువులు కూడా వచ్చాయి. వీటిని మద్రాసు ప్రభుత్వమే అచ్చువేయించింది. ముండా భాషలపై పనిచేసిన తరువాతి పరిశోధకులకు ఇవి ఆధార గ్రంథాలయ్యాయి.

సవర పిల్లల బడులు

భాషను నేర్చుకోవడంలో రామమూర్తి ఉద్దేశం పాండిత్యం ఒక్కటే కాదు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆయన సంకల్పం. అందుకోసం వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తయారుచేశాడు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయుల జీతాలు తానే చెల్లించాడు. సవర విద్యార్థులను తన ఇంటికి తీసుకువచ్చి భోజనం పెట్టి చదివించాడు. బ్రాహ్మణ కుటుంబాల్లో ఆచారాలు కఠినంగా ఉన్న ఆ రోజుల్లో ఇది సాధారణ విషయం కాదు.

ఈ కృషిని మెచ్చి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా ఆయన తీసుకోలేదు. ఆ డబ్బుతో సవరలకు ఒక మంచి బడి పెట్టమని సలహా ఇచ్చాడు. ఈ పనిలో ఆయన కుమారుడు గిడుగు వెంకట సీతాపతి (1885-1969) కూడా తోడ్పడ్డాడు.

బిడ్డ మొదట తన భాషలో అక్షరాలు నేర్చి, ఆ మెట్టు మీద నిలబడి తెలుగు, తరువాత ఇతర భాషలు నేర్చుకోవాలన్నది ఈ బడుల పద్ధతి. సవరలను తెలుగుకు దూరం చేయడం దీని ఉద్దేశం కాదు. తెలియని భాషను తెలిసిన భాష ద్వారా చేరుకోవడమే ఇందులోని కీలకం.

విశాఖపట్నంలో లేచిన ప్రశ్న

1906-07 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకున్న యేట్స్‌కు, జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో చెప్పే తెలుగు మరొకటి కావడం వింతగా తోచింది. చిన్న తరగతుల్లో తెలుగు పాఠం కూడా పరభాషా పాఠంలా అర్థాలు, ప్రతిపదార్థాలతో సాగడం ఆయన గమనించాడు. ఈ తేడాకు కారణమేమిటని విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానాధ్యాపకుడు పి.టి. శ్రీనివాస అయ్యంగారును అడిగాడు. దీనికి సమాధానం చెప్పగలవారు విజయనగరంలోని గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలోని గిడుగు రామమూర్తి అని అయ్యంగారు సూచించాడు. ఈ నలుగురి ఆలోచనల కలయికతో వ్యావహారిక భాషోద్యమం ఆరంభమైంది.

రామమూర్తికి ఈ ప్రశ్న కొత్తది కాదు. తెలుగు బడిలో సవర బాలుడు పడే ఇబ్బందిని ఆయన అప్పటికే చూశాడు. ఇంట్లో వస్తున్నాడు అనే తెలుగు బాలుడు పుస్తకంలో వచ్చుచున్నాడు అని చదవాలి. పలుకుబడిలో లేని అరసున్నలు, శకటరేఫలు తప్పకుండా రాయాలి. పరవస్తు చిన్నయసూరి 19వ శతాబ్ది మధ్యలో రచించిన బాలవ్యాకరణం వచన రచనకు కూడా ప్రమాణమై, దాని సూత్రాలకు లొంగని మాటలన్నీ తప్పులయ్యాయి. పండితుల ఇళ్ళలో పుట్టిన పిల్లలకు ఈ భాష చెవిన పడే అవకాశం కొంతైనా ఉండేది. చదువు మొదటిసారిగా అడుగుపెడుతున్న రైతుల, చేతిపనులవారి ఇళ్ళలోని పిల్లలకు, ఆడపిల్లలకు ఆ అవకాశం లేదు.

పరీక్షల వివాదం

1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనల్ వ్యాసపరీక్షను కావ్యభాషలోగాని, ఆధునిక భాషలోగాని రాయవచ్చునని ఉత్తర్వు వచ్చింది. దీనితో వివాదం పండిత సభల నుండి పాఠశాలల్లోకి చేరింది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు తరఫున జయంతి రామయ్య పంతులు గ్రాంథిక పక్షానికి నాయకత్వం వహించాడు. వేదం వేంకటరాయ శాస్త్రి, వావిలికొలను సుబ్బారావు వంటి పండితులు ఆ పక్షాన నిలిచారు.

గ్రాంథికవాదుల అభ్యంతరాలు బలమైనవే. వాడుక భాష జిల్లాకొక తీరుగా ఉంటుందని, దానిని అంగీకరిస్తే తెలుగు రాతకు ఐక్యత పోతుందని, ప్రాచీన కావ్యాలు రాబోయే తరాలకు అందకుండా పోతాయని వారు వాదించారు. రామమూర్తి కావ్యాలను వద్దనలేదు. వాటిని చదవాలని, కాని ఆ భాషలో రాయమని పిల్లలను నిర్బంధించరాదని ఆయన పక్షం. చదువుకున్నవారు నిత్యం మాట్లాడుకునే శిష్ట వ్యావహారికం అన్ని జిల్లాలవారికీ అర్థమవుతుందని, అదే రాతకు ప్రమాణం కాగలదని చెప్పాడు. 1913లో ఆధునిక తెలుగుపై ఆంగ్లంలో ఒక వినతి గ్రంథం ప్రచురించాడు.

గురజాడ అప్పారావు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించాడు. అయినా 1915 నాటికి విద్యారంగంలో గ్రాంథికానిదే పైచేయి అయింది. అదే ఏడు నవంబరు 30న గురజాడ మరణించడంతో ఉద్యమభారం ప్రధానంగా రామమూర్తి మీద పడింది.

ఉద్యమ విస్తరణ

ప్రభుత్వ ఉత్తర్వుల మీద ఆశ సన్నగిల్లడంతో రామమూర్తి రచయితలను, ఉపాధ్యాయులను ఒప్పించే పనికి దిగాడు. 1919 ఫిబ్రవరి 28న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడుగా, రామమూర్తి కార్యదర్శిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. అదే ఏడు తెలుగు అనే మాసపత్రికను నడిపాడు. అది ఏడాది మాత్రమే సాగింది.

ఆయన వాద పద్ధతి ఆధారాలతో కూడినది. శాసనాలు, వ్యాఖ్యానాలు, పాత వచన గ్రంథాల నుండి ఉదాహరణలు సేకరించి, వాడుక మాటలు తెలుగు వచనంలో ఎప్పటినుండో ఉన్నాయని గద్య చింతామణిలో చూపించాడు. గ్రాంథికం రాస్తున్నామనుకునే పండితులే తమ నియమాలను తప్పుతున్నారని ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజంలో నిరూపించాడు. పండితులకే పట్టుబడని భాషను పిల్లల పరీక్షలకు కొలబద్ద చేయడం న్యాయం కాదన్నది దీని సారం.

1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారిక భాషపై నిషేధాన్ని ఎత్తివేసింది. 1925లో తణుకులో జరిగిన పరిషత్తు సభలో రామమూర్తి నాలుగు గంటల పాటు ప్రసంగించాడు. సాహితీ సమితి, నవ్య సాహిత్య పరిషత్తు వంటి సంస్థలు ఆయన వాదాన్ని బలపరచాయి. 1937లో తాపీ ధర్మారావు సంపాదకత్వంలో జనవాణి పత్రిక పూర్తిగా ఆధునిక భాషలో వెలువడింది.

చివరి దశ

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అందులో చేరింది. తెలుగువారు ఎక్కువగా ఉన్న ఆ ప్రాంతాన్ని ఒరిస్సాలో కలపడాన్ని రామమూర్తి వ్యతిరేకించాడు. తాను అర్ధశతాబ్దానికి పైగా నివసించిన ఊరిని విడిచి రాజమండ్రికి తరలివెళ్ళాడు. 1940 జనవరి 15న మద్రాసులోని ప్రజామిత్ర పత్రిక కార్యాలయంలో పత్రికా సంపాదకులను ఉద్దేశించి చివరిసారిగా మాట్లాడాడు. వారం రోజులకు, జనవరి 22న మరణించాడు.

బిరుదులు, సత్కారాలు

1913లో ప్రభుత్వం నుండి రావు సాహెబ్ బిరుదు.
1933లో రాజమండ్రిలో సప్తతి మహోత్సవం.
1934లో కైజర్-ఎ-హింద్ పతకం.
1938లో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి కళాప్రపూర్ణ బిరుదు.

ముఖ్య రచనలు

సవర వాచకాలు, పాటల పుస్తకాలు
సవర భాషా వ్యాకరణం (ఆంగ్లం, 1931)
సవర నిఘంటువులు
బాలకవి శరణ్యం
గద్య చింతామణి
ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం
వ్యాసావళి

ప్రభావం

రామమూర్తి కోరిన మార్పు ఆయన జీవితకాలంలో పత్రికల్లో, సాహిత్యంలో వచ్చింది గాని పాఠ్యపుస్తకాల్లో పూర్తిగా రాలేదు. 1960ల చివర, 1970లలో పాఠశాలలు, విశ్వవిద్యాలయాలు క్రమంగా ఆధునిక భాషను స్వీకరించాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఉన్నత విద్యా గ్రంథాలను ఆ భాషలో ప్రచురించింది.

సవర బడుల ఆదర్శం నెరవేరడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేలా చూడాలని 1956లో రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేరింది. అయినా గిరిజన ప్రాంతాల్లో చదువు చాలాకాలం రాష్ట్రభాషలోనే సాగింది. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 2004లో మాతృభాష ఆధారిత బహుభాషా విద్యా కార్యక్రమం మొదలై, సవర, కోయ, గోండి, కొలామి, బంజారా, కువి, కొండ, ఆదివాసీ ఒరియా అనే 8 భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారయ్యాయి. వీటిలో కువి, కొండ, ఆదివాసీ ఒరియా భాషలు విశాఖ మన్యంలో వినిపించేవే. సవర వాచకాల విషయంలో ఇది రామమూర్తి ఒంటరిగా ప్రారంభించిన పనికి దాదాపు నూరేళ్ళ తరువాతి కొనసాగింపు.

రామమూర్తి వాదంలోని ఒక పరిమితిని తరువాతి విమర్శకులు ఎత్తిచూపారు. ఆయన ప్రమాణంగా చెప్పింది అందరి వాడుకను కాదు, శిష్టుల వాడుకను. ఆ తరువాత స్థిరపడిన ఆధునిక ప్రమాణ భాషపై కృష్ణా, గోదావరి జిల్లాల చదువరుల భాషా ప్రభావం ఎక్కువ. దానితో తెలంగాణ, రాయలసీమ, రామమూర్తి పుట్టిన ఉత్తరాంధ్ర మాండలికాలు మాట్లాడే పిల్లలకు బడి భాష కొంత దూరంగానే మిగిలింది. కాళోజీ నారాయణరావు వంటివారు ఈ విషయంపై పోరాడారు. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ ప్రభుత్వం 2014 నుండి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతోంది. ఇంటి మాటను తప్పుగా చూపి బిడ్డను చదువుకు దూరం చేయరాదన్న రామమూర్తి సూత్రమే ఈ విమర్శకు కూడా ఆధారం.