కబురు కోసం కాచుకున్న సుల్తాన్

పెద్ద దేశాల అధినేతలు ఈ కాలంలో ప్రతి ఉదయం ఒక రహస్య నివేదిక చూస్తారు. శత్రువు ఎక్కడ కదిలాడు, ఏ సరిహద్దులో ఏం జరిగింది అన్నది అందులో ఉంటుంది. అమెరికాలో ఈ పద్ధతి 1946లో ట్రూమన్ హయాంలో మొదలైంది. అంతకు 600 ఏళ్లకు పైగా ముందే మన దేశంలో రోజువారీ సమాచారం మీద రాజ్యం నడిపిన పాదుషా ఒకరున్నారు. ఆయన సుల్తాన్ అలావుద్దీన్ ఖిల్జీ. కథల్లోనూ సినిమాల్లోనూ ఆయన పేరు విన్నవారు చాలామందే గాని, ఈ సంగతి తెలిసినవారు తక్కువ. మేమిక్కడ చెప్పేది ఎక్కువగా జియావుద్దీన్ బరనీ తన తారీఖె ఫిరోజ్‌షాహీలో రాసిపెట్టినదే.

అలావుద్దీన్ సింహాసనం ఎక్కిన తీరు మంచిది కాదు. ఆ మాట దాచి ఆయన జీవితం చెప్పడం న్యాయం కాదు. సుల్తాన్ జలాలుద్దీన్ ఆయనకు స్వయానా పినతండ్రి, పిల్లనిచ్చిన మామ. అలావుద్దీన్ అప్పుడు గంగ ఒడ్డున ఉన్న కడా ప్రాంతానికి పాలకుడు. 1296లో ఆయన ఢిల్లీకి తెలియకుండా సైన్యంతో వింధ్య దాటి దేవగిరి మీదికి వెళ్లారు. ఆయన లేని సమయంలో కడాలో నాయబుగా ఉన్న అలావుల్‌ముల్క్ ఢిల్లీకి నమ్మదగినట్టుగా ఉత్తరాలు రాస్తూ సుల్తాన్‌ను మభ్యపెట్టాడు. ఈ అలావుల్‌ముల్క్ బరనీకి సొంత పినతండ్రి. ఇంటి గుట్టును కూడా చరిత్రకారుడు దాచలేదు. నిజం తెలియని ఆ వృద్ధ సుల్తాన్ రంజాన్ నెలలో, ఉపవాసంతో, పడవ మీద కడా చేరారు. అన్న కొడుకును కౌగిలించుకోబోతూ హత్యకు గురయ్యారు.

పాదుషా చెవికి సరైన కబురు చేరకపోతే ఏమవుతుందో అలావుద్దీన్‌కు ఎవరూ పాఠం చెప్పనవసరం లేకపోయింది. ఆ లోపం వల్లనే ఆయనకు రాజ్యం దక్కింది. అదే లోపంతో తన రాజ్యం పోకూడదని ఆయన జీవితమంతా భయపడ్డారు.

భయపడే కాలమే అది. బాగ్దాద్ 1258లో మంగోలుల చేతిలో నేలమట్టమై అప్పటికి ఇంకా 40 ఏళ్లు కాలేదు. చీనా నుంచి ఇరాన్ దాకా వారి గుర్రాలు తొక్కని నేల లేదు. 1299లో కుత్లుగ్ ఖ్వాజా సైన్యం ఢిల్లీ పొలిమేరల్లోని కీలీ దాకా వచ్చింది. జఫర్ ఖాన్ అనే మహావీరుడు అక్కడే ప్రాణమిచ్చాడు. 1303లో సుల్తాన్ చిత్తోడు నుంచి అప్పుడే తిరిగి వచ్చారు. సైన్యం అలసిపోయి ఉంది. మరో సైన్యం వరంగల్ వైపు వెళ్లి దెబ్బతిని వెనక్కి వస్తోంది. సరిగ్గా అదే సమయంలో తర్గీ ఢిల్లీని చుట్టుముట్టాడు. సుల్తాన్ సీరీ దగ్గర కందకం తవ్వించి రెండు నెలలు దాని వెనుకే కాచుకుని ఉండవలసి వచ్చింది. ఆ తరువాత మంగోలులు వాళ్లంతట వాళ్లే వెళ్లిపోయారు.

అంతకు రెండేళ్ల ముందు, రణథంభోర్ ముట్టడి సాగుతుండగా, వరుసగా తిరుగుబాట్లు లేచాయి. వీటికి కారణమేమిటని సుల్తాన్ సలహాదారులను అడిగారు. వారు నాలుగు కారణాలు చెప్పారు. అందులో మొదటిది, జనం మంచిచెడ్డలు పాదుషాకు తెలియకపోవడం. అప్పటినుంచి బరీద్‌లు, మున్హీలు రాజ్యమంతా వ్యాపించారు. బరీద్ అంటే వార్తలు పంపే ప్రభుత్వోద్యోగి. అరబ్బీలో తపాలాకు నేటికీ అదే మాట. మున్హీ రహస్యంగా చూసి చెప్పేవాడు. మన తెలుగు కబురు కూడా అరబ్బీ ఖబర్ నుంచి వచ్చినదే. పిల్లలకు ఉర్దూ చెప్పేటప్పుడు ఖబర్‌కు బహువచనం అఖ్బార్ అంటే, పత్రిక కదా అని వాళ్లు ఆశ్చర్యపోవడం మేము చూస్తూనే ఉంటాము.

సుల్తాన్ తెలివి అంతా బజారు విషయంలో కనిపిస్తుంది. మంగోలులను ఆపాలంటే పెద్ద సైన్యం కావాలి. రౌతుకు ఏడాదికి 234 టంకాల జీతం. దానితో అతని ఇల్లు గడవాలంటే ధరలు తక్కువగా ఉండాలి. అందుకే మణుగు గోధుమలు ఏడున్నర జీతళ్లు, బియ్యం ఐదు జీతళ్లు అని ధర కట్టారు. ఆ ధర నిలిచిందా లేదా అని రోజూ మూడు దారుల్లో సమాచారం వచ్చేది. మండీ అధికారి షహ్నా ఒకటి పంపేవాడు, బరీద్ ఒకటి, మున్హీ మరొకటి. మూడూ కలవకపోతే షహ్నాకు శిక్ష తప్పదు. అదీ చాలక సుల్తాన్ చిన్నపిల్లలైన తన గులాముల చేతికి డబ్బులిచ్చి రొట్టె, మాంసం వంటివి కొనుక్కురమ్మని పంపేవారట. తూకం తగ్గితే ఆ దుకాణదారు ఒంటి నుంచి మాంసం కోసేవారు. శిక్ష క్రూరమైనదే. కాని కరవు వచ్చిన ఏళ్లలో కూడా ధర పెరగలేదని బరనీ రాశాడు.

ఇదే పద్ధతి అమీర్ల ఇళ్లలోకి వెళ్లేసరికి వేరే రూపం దాల్చింది. ఇంట్లో భార్యాబిడ్డలతో అన్నమాట కూడా దర్బారుకు చేరేది. హజార్ సుతూన్ మహలులో గొప్పగొప్ప అమీర్లు నోరు తెరవడానికి జంకి సైగలతో మాట్లాడుకునేవారు. సూరా హుజురాత్‌లో రెండు ఆజ్ఞలూ ఉన్నాయి. వచ్చిన వార్తను విచారించి తెలుసుకోమన్నది ఒకటి, ఒకరి గుట్టు వెదకవద్దన్నది ఇంకొకటి. సుల్తాన్ మొదటిది పట్టుకుని రెండవది వదిలేశారని మా అభిప్రాయం. ఆయన ముఖం మీదనే నిజం చెప్పగలిగినవారు బయానా ఖాజీ ముగీసుద్దీన్ వంటి ఏ ఒక్కరో. షరీఅత్ విషయంలో పాదుషాను తప్పుపట్టి, మరునాడు ఇంటివారి వద్ద సెలవు తీసుకుని, చావుకు సిద్ధపడి దర్బారుకు వెళ్లిన ఆ ఖాజీకి సుల్తాన్ వెయ్యి టంకాలూ ఖిల్అతూ ఇచ్చి పంపారు.

ఈ ఖాజీగారే మన వరంగల్ కథలోనూ ఉన్నారు. 1309లో మాలిక్ కాఫూర్ పెద్ద సైన్యంతో తెలంగాణకు బయలుదేరాడు. సైన్యం ఎక్కడికి వెళ్లినా ఢిల్లీ పక్కన తిల్‌పత్ నుంచి దారి పొడవునా అంచెలు ఏర్పాటు చేయడం సుల్తాన్ అలవాటు. మజిలీ మజిలీకి గుర్రాలు, అరక్రోసుకో పావుక్రోసుకో ఒక పరుగు మనిషి, ఊరూరా రాసే గుమాస్తా. ప్రతిరోజూ కాకుంటే రెండు మూడు రోజులకొకసారి సైన్యం కబురు ఢిల్లీకి, సుల్తాన్ క్షేమం కబురు సైన్యానికి చేరేవి. అందువల్ల పుకార్లకు చోటుండేది కాదు.

కాకతీయ ప్రతాపరుద్రుని కోటను ముట్టడించిన కాలంలో తెలంగాణ దారులు చెడి కొన్ని అంచెలు తెగిపోయాయి. ఆ మట్టికోట గట్టు మీద నిలబడి చూసినప్పుడు, ఇక్కడి నుంచి ఢిల్లీకి మనిషి మనిషికి అందిస్తూ ఉత్తరం ఎలా చేరేదా అని మేము విస్తుపోయాము. 40 రోజులకు పైగా ఒక్క కబురు రాలేదు. సైన్యం నశించిపోయిందేమోనని ఢిల్లీ పెద్దలు అనుకోసాగారు. ఎవరినీ నమ్మని సుల్తాన్, ఒక్కసారి కూడా తాను వెళ్లి కలవని హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా రహ్మతుల్లాహ్ అలైహ్ దగ్గరికి మాలిక్ కరాబేగ్‌ను, ఖాజీ ముగీసుద్దీన్‌ను పంపారు. షేక్‌గారి నోట వచ్చిన ప్రతి మాటా ఉన్నదున్నట్టు తెచ్చి చెప్పాలని ఆజ్ఞాపించారు. అక్కడ కూడా ఆయనకు నివేదికే కావాలి!

షేక్‌గారు ఈ విజయమే కాదు, ఇంకా విజయాలు ముందున్నాయన్న అర్థంలో పలికారు. ఆ మాట వినగానే సుల్తాన్ సంతోషించి రుమాలుకు ముడి వేసుకున్నారు. ఆ రోజే అస్ర్ వేళకు మాలిక్ కాఫూర్ పంపిన వార్తాహరులు వరంగల్ విజయపత్రంతో వచ్చారు. జుమా నాడు మింబర్ల మీద దానిని చదివారు. బరనీ హజ్రత్‌వారి మురీదు కాబట్టి ఈ ఘట్టాన్ని భక్తితోనే రాశాడు.

చివరి రోజుల్లో సుల్తాన్‌ను జబ్బు మంచం పట్టించింది. పాత అనుభవజ్ఞులు దూరమయ్యారు. మాలిక్ కాఫూర్ ఒక్కడే పక్కన మిగిలాడు. కొడుకు ఖిజర్ ఖాన్, బావమరిది అల్ప్ ఖాన్ తన మీద కుట్ర పన్నుతున్నారన్న మాట ఆయన చెవిన పడింది. బజారులో గోధుమల ధరను మూడు నోళ్ల నుంచి విన్న పాదుషా, కన్నకొడుకు విషయంలో ఒక్క నోటిని నమ్మారు. అల్ప్ ఖాన్ మహలులోనే హతమయ్యాడు. ఖిజర్ ఖాన్ గ్వాలియర్ కోటలో బందీ అయ్యాడు. గుజరాత్ తిరగబడింది. 1316 జనవరిలో సుల్తాన్ కన్నుమూసేనాటికి ఆ కొడుకు ఇంకా గ్వాలియర్‌లోనే ఉన్నాడు.