కట్టమంచి రామలింగారెడ్డి

కట్టమంచి రామలింగారెడ్డి (డిసెంబరు 10, 1880 - ఫిబ్రవరి 24, 1951) విద్యావేత్త, సాహిత్య విమర్శకుడు, మహావక్త, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ప్రథమ ఉపాధ్యక్షుడు. సి.ఆర్.రెడ్డి అన్న పేరుతో ఎక్కువగా ప్రసిద్ధులు. ఆజన్మ బ్రహ్మచారి. తెలుగు సాహిత్యంలో ఆధునిక విమర్శకు బాటవేసినవారిలో ఒకరిగా ఈయనను చెప్పుకొనడం పరిపాటి. అయితే కోస్తా జిల్లాలలోని కళాశాలలను మద్రాసు విశ్వవిద్యాలయపు నీడనుండి తప్పించి, ఒక తెలుగు విశ్వవిద్యాలయం క్రిందికి తీసుకొనివచ్చిన కాలంలో ఆ బరువును మోసిన వ్యక్తిగా ఈయన స్థానం అంతకంటె తక్కువది కాదు.

బాల్యము, విద్యాభ్యాసము

రామలింగారెడ్డి చిత్తూరు సమీపంలోని కట్టమంచి గ్రామంలో జన్మించారు. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డి న్యాయవాది. చిత్తూరులో ప్రాథమిక విద్య ముగిసిన తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. అక్కడ తెలుగు పండితులు సమర్థి రంగయ్యసెట్టి ప్రోత్సాహంతో కళాశాల భాషాభిరంజని సమాజం నిర్వహించిన పోటీకై 1899లో ముసలమ్మ మరణము అనే కావ్యాన్ని వ్రాసి బహుమతి పొందారు. అనంతపురం ప్రాంతంలోని బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగినపుడు ఊరిని కాపాడడానికి ప్రాణత్యాగం చేసిన ఒక కోడలి కథ దీనికి వస్తువు. రాజులు, దేవతలు కాక ఒక సామాన్య గృహిణి నాయికగా నిలవడం వలన ఈ చిన్న కావ్యాన్ని నవ్యకవిత్వానికి తొలి అడుగులలో ఒకటిగా లెక్కిస్తారు.

1902లో ప్రభుత్వ విద్యార్థి వేతనంపై ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్ర చదివారు. కేంబ్రిడ్జి యూనియన్ చర్చాసభకు ఉపాధ్యక్షునిగా ఎన్నికైన తొలి భారతీయుడు ఈయనే.

బరోడా, మైసూరు

స్వదేశానికి వచ్చిన పిమ్మట బరోడా కళాశాలలో, అంతకుముందు అరవింద ఘోష్ నిర్వహించిన వైస్ ప్రిన్సిపాల్ పదవిని చేపట్టారు. తరువాత మైసూరు చేరి, మహారాజా కళాశాలలో చరిత్ర ఆచార్యులుగాను, ప్రిన్సిపాల్ గాను పనిచేశారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడినపుడు ఆ ప్రయత్నంలో పాలుపంచుకొన్నారు. దేశీయ సంస్థానమొకటి స్వంత విశ్వవిద్యాలయాన్ని ఎట్లు నిలబెట్టుకొనగలదో దగ్గరనుండి చూచిన ఈ అనుభవమే పది సంవత్సరముల తరువాత ఆంధ్రదేశంలో అక్కరకు వచ్చింది. సంస్థాన విద్యాశాఖాధిపతిగా ఉన్నపుడు అస్పృశ్యులని దూరంగా ఉంచిన కులాల పిల్లలకు ప్రభుత్వ పాఠశాలల తలుపులు తెరిపించారు. దానిపై అగ్రవర్ణాలలో గట్టి వ్యతిరేకత వచ్చింది. 1921లో ఆ ఉద్యోగానికి రాజీనామా చేశారు.

అటుపిమ్మట కొంతకాలం రాజకీయాలు. మద్రాసు శాసనమండలి సభ్యులై, జస్టిస్ పార్టీలో ఉండి, దానినుండి విడివడి, 1923 నవంబరులో పానగల్లు రాజా మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టారు. తీర్మానం వీగిపోయింది.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు

తెలుగువారికి ప్రత్యేక విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక ఆంధ్రోద్యమంతో పాటే పెరిగింది. ఎ.పి.పాత్రో విద్యామంత్రిగా ఉన్నపుడు రూపొందిన చట్టం ననుసరించి 1926 ఏప్రిల్ 26న ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విజయవాడలో ప్రారంభమైంది. రామలింగారెడ్డి ఉపాధ్యక్షులయ్యారు.

ఆనాడు పరిషత్తుకు స్వంత కళాశాల లేదు. అక్కడక్కడ ఉన్న కళాశాలలను అనుబంధంగా చేర్చుకొని పరీక్షలు జరిపి పట్టాలివ్వడమే పని. ఉత్తరాన బరంపురంలోని కళ్ళికోట కళాశాల, పర్లాకిమిడి కళాశాల, విజయనగరం మహారాజా కళాశాల, విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాల, 1923లో ఏర్పడిన వైద్య కళాశాల. దక్షిణాన మచిలీపట్నం నోబుల్ కళాశాల, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల, నెల్లూరు వి.ఆర్. కళాశాల - ఇవన్నీ వేరువేరు చేతులలో పెరిగినవి. కొన్ని మిషనరీలవి, కొన్ని జమీందారులవి, కొన్ని ప్రభుత్వానివి. ఒక్కొక్కదాని అలవాట్లు ఒక్కొక్క రకం. వీటన్నిటికీ ఒకే పాఠ్యప్రణాళికను, ఒకే ప్రమాణాన్ని ఏర్పరచడం మాటలతో అయ్యే పని కాదు.

గోదావరి డెల్టాలో తూర్పు వైపున అప్పటికి రెండే పెద్ద కళాశాలలు. 1873లో కళాశాల స్థాయికి వచ్చిన రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ఒకటి, 1884లో ఏర్పడిన కాకినాడ పిఠాపురం రాజా కళాశాల మరొకటి. రామచంద్రపురం తాలూకా విద్యార్థి హైస్కూలు దాటితే ఈ రెంటిలో ఒకచోటికి వెళ్ళవలసిందే. కోనసీమవారికి నడుమ గోదావరి పాయలు కూడా అడ్డు. రాజమండ్రి కళాశాలలో కందుకూరి వీరేశలింగం తెలుగు చెప్పారు. ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాల్ గా ఉన్న రోజులలో దామెర్ల రామారావు, అడివి బాపిరాజు వంటివారు ఆయన చెంత చిత్రకళలో తీర్చిదిద్దబడ్డారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ మైసూరు వెళ్ళడానికి ముందు ఇక్కడనే తత్త్వశాస్త్రం బోధించారు. కాకినాడలో 1919 వరకు రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రిన్సిపాల్. పరిషత్తు పుట్టిన సంవత్సరంలో ఆయన మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. అనగా కాకినాడ కళాశాలను తీర్చిన వ్యక్తి మద్రాసు పీఠంపై ఉండగా ఆ కళాశాల మద్రాసును వదలి వచ్చింది. ఇది విచిత్రమే.

కేంద్రస్థానం తగాదా

పరిషత్తుకు మొదటినుండి ఎదురైన చిక్కు కేంద్రస్థానం. విజయవాడ, రాజమండ్రి, విశాఖపట్నం, అనంతపురం - ప్రతి ఊరికీ పక్షం వహించేవారున్నారు. మధ్యస్థమని విజయవాడను, విద్యాసాంప్రదాయమున్నదని రాజమండ్రిని, సముద్రతీరపు విశాలస్థలముందని విశాఖను బలపరచారు. చివరకు విశాఖలోని వాల్తేరు స్థిరమైంది. గోదావరి జిల్లాలవారికి ఇది ఆశాభంగమే. అయితే అసలు నష్టం వేరొకచోట జరిగింది. దూరాభారాన్ని, ప్రాతినిధ్యలోపాన్ని చూపి సీడెడ్ జిల్లాలవారు 1929 నాటికి మరల మద్రాసు విశ్వవిద్యాలయం క్రిందికి వెళ్ళిపోయారు. చిత్తూరు కూడా వెళ్ళింది. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని నిర్మించిన వ్యక్తి స్వంత ఊరు దాని పరిధిలో లేకుండా పోయింది. 1937లో శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం నెలకొల్పాలని వ్రాసుకొన్నారుగాని అది కాగితం దాటలేదు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చేవరకు ఈ లోటు తీరలేదు.

రాజీనామా

1930లో ఉప్పు సత్యాగ్రహం సాగుతుండగా ప్రభుత్వం అనుసరించిన దమననీతికి నిరసనగా రామలింగారెడ్డి పదవికి రాజీనామా చేశారు. పరిషత్తు అప్పటికింకా పసిగుడ్డు. ప్రభుత్వ ధనసహాయంపై నడుస్తున్న సంస్థ. అటువంటి దానిని వదలి వెళ్ళడం తగునా అన్న ప్రశ్న న్యాయమైనదే. కాని ఉన్నత పదవిలో ఉన్న విద్యావేత్తలు మౌనం వహించిన కాలంలో ఈ రాజీనామా విలువను తక్కువ చేయరాదు.

1931 మేలో రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులయ్యారు. ఆ ఏడే వాల్తేరులో కళల కళాశాల తెరవబడింది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ సాలీనా లక్ష రూపాయల శాశ్వత విరాళంతో విజ్ఞానశాస్త్ర కళాశాల నిలిచింది. భౌతికశాస్త్రానికి సూరి భగవంతం, రసాయనశాస్త్రానికి టి.ఆర్.శేషాద్రి, చరిత్ర రాజనీతులకు మామిడిపూడి వెంకటరంగయ్య, తెలుగుకు పింగళి లక్ష్మీకాంతం చేరారు. హుమయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ వంటి వంగదేశీయులు కూడా కొంతకాలం బోధించారు.

రెండవసారి

1936లో రాధాకృష్ణన్ ఆక్స్ఫర్డుకు వెళ్ళగా రామలింగారెడ్డి తిరిగి ఎన్నికై 1949 వరకు కొనసాగారు. కొత్త శాఖలు ఈ కాలంలో వచ్చాయి - భూగర్భశాస్త్రం, న్యాయశాస్త్రం, ఇంజనీరింగు మొదలైనవి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంపైన, కాకినాడపైన బాంబులు వేశాయి. పరిషత్తును గుంటూరుకు తరలించవలసి వచ్చింది. భవనాలు సైన్యం వశమయ్యాయి. ప్రయోగశాలలు, గ్రంథాలయం కదిలించి, యుద్ధానంతరం మరల వాల్తేరు చేర్చడం ఈయన ఓర్పుకు పరీక్ష. ఆ నడుమనే 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయం ఏర్పడగా బరంపురం, పర్లాకిమిడి కళాశాలలు విడిపోయాయి.

ఇంగ్లీషు చదువు లేని పండితులకు విశ్వవిద్యాలయ గౌరవం దక్కడం ఈ రోజులలో చెప్పుకోదగిన విశేషం. కళాప్రపూర్ణ బిరుదును 1938లో గిడుగు రామమూర్తికి, 1943లో అంధులైన చిలకమర్తి లక్ష్మీనరసింహానికి ఇచ్చారు. ఈ ఇరువురూ ఇంగ్లీషు ఎరిగినవారే అయినా, వారిని గౌరవించింది తెలుగు సేవకే. సంస్కృత పాఠశాలలలో సాంప్రదాయికంగా చదివినవారికి కూడా తెలుగు శాఖలో చోటు దొరికింది. రామచంద్రపురం తాలూకా మసకపల్లిలో పుట్టిన వైయాకరణుడు దువ్వూరి వెంకటరమణశాస్త్రి వాల్తేరులో వ్యాకరణం బోధించడం ఈ కోవలోనిదే.

రచనలు

1914లో వెలువడిన కవిత్వతత్త్వ విచారము ఈయన ప్రధాన గ్రంథం. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని పాశ్చాత్య విమర్శసూత్రాలతో పరిశీలించి, కల్పనాశక్తిని, కథాసంవిధానాన్ని మెచ్చి, ప్రబంధాలలోని వర్ణనల పిండివంటను తీవ్రంగా ఖండించింది. సాంప్రదాయిక పండితులు నొచ్చుకొన్నారు. అర్థశాస్త్రాన్ని తెలుగులో వ్రాసిన తొలివారిలో ఈయన ఒకరు. ఇంతటి ప్రజ్ఞావంతుడు వ్రాసినది కొద్ది. పదవులు తిన్న కాలం సాహిత్యానికి దక్కి ఉంటే బాగుండేదన్న మాటలో నిజమున్నది.

చివరి దినములు, స్మృతి

1942లో ప్రభుత్వం సర్ బిరుదు నిచ్చింది. 1949లో మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో-ఛాన్సలర్ గా వెళ్ళి 1951 ఫిబ్రవరి 24న మరణించారు. వాల్తేరులోని స్నాతకోత్సవ మందిరానికి ఈయన పేరు పెట్టారు. ఏలూరులో 1945లో స్థాపించిన సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల గోదావరి ప్రాంతంలో ఈయన పేరు నిలుపుతున్నది. అమలాపురంలో 1951లో ఎస్.కె.బి.ఆర్. కళాశాల, తరువాతి దశకాలలో రామచంద్రపురంలో వి.ఎస్.ఎం. కళాశాల ఆంధ్ర విశ్వవిద్యాలయపు అనుబంధంతోనే పెరిగాయి. 2006లో రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడిన పిమ్మట డెల్టా కళాశాలలు దాని పరిధిలోకి మారాయి.