వ్యాపారం 500 డాలర్లు, ఫర్నిచర్ 800

న్యూజెర్సీలో పన్నెండేళ్లుగా నడుపుతున్న నా చిన్న మార్కెటింగ్ ఏజెన్సీని కిందటేడు అమ్మకానికి పెట్టాను. కొనడానికి వచ్చినాయన లెక్కలన్నీ చూసి, నేను రెండు నెలలు ఇండియా వెళ్తే ఆఫీసు ఎవరు చూస్తారని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. బేరం అక్కడే ఆగిపోయింది. ఆ దిగులులో ఉండగానే జె. వాల్టర్ థాంప్సన్ జీవితం గురించి చదివాను.

ఆయన 1847లో మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్‌లో పుట్టాడు. అంతర్యుద్ధ కాలంలో మెరైన్స్‌లో పనిచేసి, 1868లో న్యూయార్క్‌లో విలియం కార్ల్‌టన్ దగ్గర లెక్కలు రాసే గుమాస్తాగా చేరాడు. పత్రికల్లో ప్రకటనల జాగా అమ్మిపెట్టే చిన్న ఆఫీసు అది. పదేళ్ల తర్వాత, 1878లో, ఆ గుమాస్తాయే దాన్ని కొన్నాడు. వ్యాపారానికి 500 డాలర్లు, అందులోని ఫర్నిచర్‌కి 800! చదివి నవ్వాను కానీ, నా ఏజెన్సీలో నన్ను తీసేస్తే మిగిలేదీ కుర్చీలూ ల్యాప్‌టాపులే కదా అనిపించింది.

అప్పట్లో పేరున్న సాహిత్య పత్రికలు ప్రకటనలు వేసుకోవడం చిన్నతనంగా భావించేవి. థాంప్సన్ దృష్టి వాటి మీద పడింది. దినపత్రిక సాయంత్రానికి పాతబడుతుంది. మాసపత్రిక నెలంతా ఇంట్లోనే ఉంటుంది, ఇంటి ఖర్చు చూసే ఆడవాళ్లు చదువుతారు. ఒక్కో పత్రికనీ ఒప్పించి, వాటి ప్రకటనల జాగా తన చేతిలో పెట్టుకున్నాడు. 1899లో లండన్‌లోనూ ఆఫీసు తెరిచాడు.

1916లో, డెబ్బైకి చేరువవుతుండగా, 5 లక్షల డాలర్లకి అమ్మేశాడు. కొన్నది బయటివాళ్లు కాదు. 1908లో సిన్సినాటి శాఖలో చేరిన స్టాన్లీ రీసర్, ఆయన సహచరులు. ప్రకటనల రంగం ఇక పెరగదని థాంప్సన్ అనుకున్నాడంటారు. అది మాత్రం పెద్ద పొరపాటు. రీసర్ చిన్నాచితకా ఖాతాలు వదిలేసి, పెద్దవాటి మీదే దృష్టి పెట్టి కంపెనీని ఎక్కడికో తీసుకెళ్లాడు. థాంప్సన్ 1928లో పోయాడు. మరుసటి ఏడాదే ఆయన పేరుతో బొంబాయిలో ఆఫీసు వెలిసింది. మన తరం వాళ్లకి తెలిసిన హిందుస్థాన్ థాంప్సన్ అదే.

జనవరి నుంచి క్లయింట్ల ఫోన్లు నా దగ్గర పనిచేసే ఇద్దరు పిల్లలకే వదిలేశాను. ఒక క్లయింట్ అలిగి వెళ్లిపోయాడు కూడా. ఈ వేసవిలో ఆరు వారాలు గుంటూరు వెళ్తున్నాం. ల్యాప్‌టాప్ తేవడానికి వీల్లేదని మా ఆవిడ షరతు.