రంగులలో నాయిక – వడ్డాది పాపయ్య

తెలుగు పాఠకులు 'వపా' అని ఆత్మీయంగా పిలుచుకొన్న వడ్డాది పాపయ్య 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో జన్మించారు. చిత్రకళలో తండ్రి రామ్మూర్తిగారే ఆయనకు తొలి గురువు. ఏ కళాశాలలోనూ ఆయన చిత్రలేఖనం చదువలేదు. రవివర్మ చిత్రించిన కోదండరాముని అచ్చుపటం బాల్యంలోనే ఆయన మనస్సును ఆకర్షించింది. చిత్రశాలలు లేని నాటి ఊళ్లలో రంగుల బొమ్మను సామాన్యుని గోడపైకి తెచ్చినవి అటువంటి పటాలే. తరువాతి కాలంలో ఆ పనిని పత్రికలు చేపట్టాయి.

ఆ పత్రికల చరిత్రలో కృష్ణా డెల్టాకు పెద్ద పాలు ఉన్నది. తెనాలికి చెందిన చక్రపాణి, నాగిరెడ్డితో కలసి 1947లో మద్రాసు నుండి 'చందమామ'ను వెలువరించారు. 'యువ' మాసపత్రికను నడిపినవారూ చక్రపాణియే. ఈ రెండింటి ముఖచిత్రాలు పాపయ్యకు తెలుగునాట ఇంటింటా పేరు తెచ్చాయి. 'చందమామ'లో పురాణపురుషులు, రాక్షసులు, రాజకుమారులు కనిపించగా, పెద్దల పత్రికయైన 'యువ'లో స్త్రీమూర్తి ప్రధానమైనది.

పాపయ్య శృంగారాన్ని చిత్రించారు. ఆ మాట చెప్పడానికి సంకోచం అనవసరం. సన్నని నడుము, విశాలమైన కన్నులు, పలుచని వస్త్రం, కొప్పున పూలు అన్నీ ప్రబంధ నాయికకు కవులు చేసిన వర్ణనలే. అయితే ఆయన బొమ్మలో రంగు అలంకారం మాత్రమే కాదు, అది భావాన్ని మోస్తుంది. భరతుడు నాట్యశాస్త్రంలో ప్రతి రసానికీ ఒక వర్ణం నిర్దేశించి, శృంగారానికి శ్యామవర్ణం చెప్పాడు. చీకటి రాత్రి ప్రియుని కలియబోయే అభిసారిక నల్లని వస్త్రం ధరిస్తుందనీ, వెన్నెలలో వెళ్లే ఆమె తెల్లని వలువ కడుతుందనీ ఆలంకారికులు వర్ణించారు. ఈ సంప్రదాయం తెలిసిన కంటికి వపా చిత్రాలలో చీర, ఆకాశం, చెట్టునీడ ఒకే రంగు ఛాయలలో కలసిపోవడం వింతగా తోచదు. నాయిక మనఃస్థితి ఆమె ముఖంలోనే ఆగక ప్రకృతి అంతటా వ్యాపిస్తుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు తావున్నది. మోకాటిలోతు బురదలో వరినాట్లు వేసే డెల్టా స్త్రీకి ఆ నడుము, ఆ తీరిక ఎక్కడివి? పాపయ్య పల్లెపడుచులను చిత్రించినప్పుడు కూడా వారి శ్రమకంటె సొంపే ముందు కనబడుతుంది. ఈ విమర్శను తోసిపుచ్చలేము. కాని ఆయన నాయిక కేవలం చూపులకు లోనైన బొమ్మ కాదు. తన తలపులో తానున్న మనిషి. చూచేవాని ఉనికి ఆమెకు పట్టదు. నాటి చౌకబారు అట్టబొమ్మలకూ ఈ చిత్రాలకూ గల భేదం ఇదే.

ముఖచిత్రం నాలుగు సిరాలలో అచ్చు కావాలి. పసుపు, ఎరుపు, నీలం, నలుపు అచ్చుల మేళవింపులో నీటిరంగుల సుకుమారమైన ఛాయ కొంత నశించక తప్పదు. పాఠకులు ఎరిగినది ఆ మిగిలిన ఛాయనే. అయినా ఆ అట్టలను కత్తిరించి పటాలు కట్టించుకొన్నవారు ఉన్నారు.

ఆయన కీర్తికి దూరంగా కశింకోటలో నివసిస్తూ బొమ్మలు వేశారు. సభలనూ సన్మానాలనూ కోరలేదు. 1992 డిసెంబరు 30న మరణించారు. నాటి సంచికల కాగితం పసుపు తిరిగి, అట్టల మీది శ్యామవర్ణం మెల్లగా వెలిసిపోతున్నది.