సుబ్బారావుగారి రెండు పసుపు మందులు

అరకు, పాడేరు కొండల్లో సికిల్‌సెల్ ఎనీమియా ఉన్న పిల్లలకు డాక్టర్లు రోజూ ఫోలిక్ యాసిడ్ వేసుకోమంటారు. ఈ జబ్బులో ఎర్ర రక్తకణాలు త్వరగా చితికిపోతాయి. కొత్తవి తయారవ్వాలంటే ఎముక మూలుగకు ఆ విటమిన్ ఎక్కువ కావాలి. అదే కొండల నుంచి మరొకరు తలనొప్పి, మతిమరుపు, తడబడే నడకతో ఘాట్ రోడ్డు దిగి విశాఖ వచ్చారనుకోండి. స్కాన్‌లో మెదడులో గడ్డ కనిపించి, బయాప్సీలో లింఫోమా అని తేలితే ఎక్కించే మందు మెథోట్రెక్సేట్. రెండూ పసుపు రంగువే. రెండింటి వెనకా ఉన్నది మన యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నారని సర్జరీ ప్రొఫెసర్‌కు కోపమొచ్చింది. ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్ఎంఎస్‌తో సరిపెట్టారు. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో స్ప్రూతో పోయారు. తిన్నది ఒంటబట్టక మనిషి శుష్కించిపోయే జబ్బు అది. ఆయనకూ వచ్చింది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చేతిలో బతికి బయటపడ్డారు.

అమెరికా వెళ్లి, రాత్రిళ్లు ఆసుపత్రిలో పనివాడిగా చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. సైరస్ ఫిస్కేతో కలిసి కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని కనుగొన్నారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. టెట్రాసైక్లిన్లలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా అక్కడి నుంచే వచ్చింది. ఇప్పుడు స్ప్రూకి ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్ రకం మందు ఇస్తారు. సోదరులకు మాత్రం పాతికేళ్లు ఆలస్యమైంది.

అసలు మలుపు బోస్టన్‌లో వచ్చింది. సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఫోలిక్ యాసిడ్ రకం మందు ఇస్తే జబ్బు ఇంకా ఎగసింది. అంటే ఆ విటమిన్ కేన్సర్ కణానికి తిండి. మరి దాని నకిలీని పెడితే? సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ తయారుచేసి పంపింది. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గిందని ఫార్బర్ 1948లో ప్రచురించారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఆ ఆగస్టులోనే సుబ్బారావు 53వ ఏట గుండెపోటుతో పోయారు. పెళ్లయిన మూడు, నాలుగేళ్లకే వదిలి వచ్చిన భార్య శేషగిరిని మళ్లీ చూడనేలేదు.

ఇక మెదడు సంగతి. గ్లయోమా వంటి గడ్డల్లోకీ రోగనిరోధక కణాలు చొరబడతాయి, చాలాసార్లు గడ్డకే ఊడిగం చేస్తాయి. లింఫోమాలో అయితే రోగనిరోధక కణమే గడ్డగా మారుతుంది. ఎక్కువగా బి-లింఫోసైట్లు రక్తనాళాల చుట్టూ గుమిగూడతాయి. వాటి ఒంటి మీద సీడీ20 అనే ప్రొటీన్ ఉంటుంది. బయాప్సీ ముక్కకు ప్రత్యేక రంగు పట్టించి పెథాలజిస్టు దాన్ని పట్టుకుంటారు. ముందే స్టెరాయిడ్ పడితే ఈ కణాలు కరిగిపోయి జబ్బు పేరు తేలకపోవచ్చు. అందుకే అత్యవసరం కాకపోతే బయాప్సీ అయ్యేదాకా డాక్టర్లు స్టెరాయిడ్ ఇవ్వరు. ఇప్పటికే వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఆపేయకండి.

కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మోతాదు మెదడులోకి సరిగా చేరదు. రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న కాపలా దాన్ని అడ్డుకుంటుంది. అందుకే ఆసుపత్రిలో ఉంచి చాలా పెద్ద మోతాదు నరంలోకి ఎక్కిస్తారు. ఆ మోతాదుకు మంచి కణాలూ చస్తాయి కదా? వాటిని కాపాడటానికి సుమారు ఒక రోజు తర్వాత ల్యూకోవోరిన్ మొదలుపెడతారు. అది ఫోలిక్ యాసిడ్‌కే మరో రూపం.